చోడి జావ, ఇనుము మాత్ర: నిజం ఎక్కడ వెతకాలి?

 

పోయిన నెల మన గోడపత్రికలో ‘చోడి జావ గొప్పతనం’ అని నేనొక వ్యాసం రాశాను. చుట్టూ స్కెచ్ పెన్నుతో పూలతీగ కూడా వేశాను. చాలామంది బాగుందన్నారు. కానీ అందులో రెండు మాటలు తప్పు. ఒకటి, చోళ్లలో పాలకన్నా పదింతలు కాల్షియం ఉందని రాశాను. రెండోది, రోజూ ఒక గ్లాసు చోడి జావ తాగితే ఇనుము మాత్రలు వేసుకోనక్కర్లేదని రాశాను. ఈ రెండూ సెలవుల్లో మా బావ ఫోన్‌లో ఒక వీడియోలో విన్నవి. విన్నది విన్నట్టు రాసేశాను.

ఆ రాతవల్ల ఏం జరిగిందో ముందు చెప్పాలి. ఆరో తరగతి చెల్లి ఒకామెకు రక్తం తక్కువని నర్సమ్మ రోజూ వేసుకోమని మాత్రలు ఇచ్చింది. పేరు రాయను, మీకు తెలిసినా అనకండి. మాత్ర వేసుకుంటే ఆ పిల్లకి కడుపులో తిప్పుతుంది. దొడ్డికి నల్లగా వస్తుందని భయం కూడా. నా వ్యాసం చదివి, జావ తాగుతున్నాను కదా అని మాత్రలన్నీ ట్రంకుపెట్టెలో లంగా మడతల్లో దాచేసింది. ఒక రోజు ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయింది. వార్డెన్ మేడమ్ పెట్టె తీయిస్తే పద్దెనిమిది మాత్రలు బయటపడ్డాయి. “ఎందుకలగ చేశావమ్మా?” అని అడిగితే, “పత్రికలో అక్క రాసింది కదండీ” అంది.

మేడమ్ నన్ను తిట్టారు. తిట్టడం న్యాయమే. సైన్సు మాస్టారు మాత్రం ఒక్క మాట అడిగారు. “ఇది ఎక్కడ చూసి రాశావు?” వీడియోలో అన్నాను. “ఆ వీడియో అతను ఎక్కడ చూసి చెప్పాడు?” అన్నారు. నాకు జవాబు లేదు. ఆ జవాబు కోసం మాస్టారు, నేను, నా స్నేహితురాళ్లు ఇద్దరం మూడు శనివారాలు కంప్యూటర్ గదిలో కూచున్నాం. అక్కడ నేర్చుకున్నదే ఈ పాఠం.

1. పది చోట్ల ఉంటే పది సాక్ష్యాలు కావు

మొదటి శనివారం నేను “రాగులు కాల్షియం” అని కొట్టి వెతికాను. చాలా పేజీలు వచ్చాయి. ఎన్నింటిలోనో “పాలకన్నా పదింతలు” అనే ఉంది. “చూడండి మాస్టారూ, ఇంతమంది రాశారు” అన్నాను. ఆయన ఆ పేజీలను పక్కపక్కన పెట్టి చదవమన్నారు. చదివితే నాలుగింటిలో ఒకే వాక్యం, ఒకే చోట ఒకే అక్షర దోషం! అంటే ఒకరు రాశారు, మిగతావాళ్లు కాపీ కొట్టారు. పరీక్షలో పక్కదాని పేపరు చూసి రాస్తే ఇద్దరికీ ఒకే తప్పు వస్తుంది కదా, అలగన్నమాట.

కాబట్టి ఎంతమంది చెప్పారని లెక్క పెట్టకూడదు. మొదట కొలిచినవాళ్లు ఎవరు అని అడగాలి. చోళ్లలో కాల్షియం ఎంతుందో కంటితో చూస్తే తెలియదు. ఎవరో ఒకరు ప్రయోగశాలలో కొలవాలి. ఆ కొలిచినవాళ్ల పుస్తకమే మనకు అసలు ఆధారం.

2. కొలిచినవాళ్లు ఎవరు?

మన దేశంలో తిండిపదార్థాలను కొలిచే పెద్ద సంస్థ హైదరాబాద్‌లో ఉంది. దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. 1918లో తమిళనాడు కొండల్లో ఉన్న కూనూరులో చిన్నగా మొదలైంది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఈ సంస్థవాళ్లు దేశంలోని ఆరు ప్రాంతాల నుంచి 528 రకాల తిండిపదార్థాలు తెప్పించి, పరీక్షించి, 2017లో ‘భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు’ అనే పుస్తకం వేశారు. అది ఇంగ్లీషులో ఉంది. అయినా భయపడనక్కర్లేదు. పట్టికలో పదార్థం పేరు, అంకెలు చదవడం వస్తే చాలు.

ఆ పట్టిక ప్రకారం 100 గ్రాముల చోళ్లలో కాల్షియం 364 మిల్లీగ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో 8 మిల్లీగ్రాముల లోపే. కాబట్టి చోళ్లు గొప్పవే, అందులో అబద్ధం లేదు. ఇక 100 గ్రాముల ఆవుపాలల్లో సుమారు 120 మిల్లీగ్రాములు. 364ని 120తో భాగిస్తే మూడు వస్తుంది. పది ఎక్కడా రాలేదు.

ఇక్కడ ఇంకో కిటుకుంది. మనం చోళ్లను 100 గ్రాములు బుక్కం కదా, జావ కాచుకుని తాగుతాం. వంట అక్కను అడిగి స్టాకు పుస్తకం చూశాం. వంద గ్లాసుల జావకు మూడు కిలోల పిండి తీస్తున్నారు. అంటే ఒక గ్లాసులో 30 గ్రాములు. దానిలో కాల్షియం సుమారు 109 మిల్లీగ్రాములు. అదే 200 గ్రాముల గ్లాసుడు పాలల్లో సుమారు 240. అంటే గ్లాసుకి గ్లాసు చూస్తే పాలల్లోనే రెండింతలకు పైగా ఉంది. పొడి పిండిని తడి పాలతో తూకానికి తూకం పోల్చినందుకే లెక్క తిరగబడింది. అంకె నిజమైనా పోలిక తప్పయితే మాట తప్పవుతుంది.

3. ఇరవై గ్లాసులు

ఇప్పుడు ఇనుము సంగతి. అదే పట్టికలో 100 గ్రాముల చోళ్లలో ఇనుము సుమారు 4.6 మిల్లీగ్రాములు. మన గ్లాసులో 30 గ్రాముల పిండి కాబట్టి, గ్లాసుకి 1.4 మిల్లీగ్రాములు కూడా సరిగ్గా రాదు. 2020లో ఆ సంస్థే ఇచ్చిన లెక్క ప్రకారం 10 నుంచి 12 ఏళ్ల ఆడపిల్లకు రోజుకి 28 మిల్లీగ్రాములు కావాలి. 13 నుంచి 15 ఏళ్ల పిల్లకు 30 కావాలి. అంటే జావతోనే సరిపెట్టాలంటే మా చెల్లి రోజుకి ఇరవై గ్లాసులు తాగాలి!

అది కూడా ఒంట్లో రక్తం సరిగ్గా ఉన్న పిల్ల లెక్క. రక్తం తగ్గినవాళ్లకి తగ్గినదాన్ని కూడా పూడ్చాలి. అందుకే మాత్ర. మన వయసు పిల్లలకిచ్చే నీలం మాత్ర ఒక్కదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. తిన్న ఇనుమంతా రక్తంలోకి పోదని కూడా తెలిసింది. గింజల్లో ఉండే కొన్ని పదార్థాలు దాన్ని పట్టి ఉంచుతాయి. చోళ్లు నానబెట్టి మొలకెత్తిస్తే ఆ పట్టు కొంత వదులుతుంది. ఉసిరి, నిమ్మ లాంటి పులుపు కూడా సాయం చేస్తుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ తాగవద్దని 2024లో ఆ సంస్థ ఇచ్చిన ఆహార సూచనల్లో ఉంది. మన ఊళ్లలో కాఫీ తోటలున్నాయని అన్నం తినగానే కాఫీ తాగేవాళ్లు ఇది గమనించాలి.

ఈ మొలకల మాట చదువుతుంటే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. బాలింతకి పెట్టే జావకు అవ్వ చోళ్లు నానేసి, మూట కట్టి, మొలకొచ్చాక ఎండబెట్టి విసురుతుంది. ఎందుకని అడిగితే “మా అమ్మ అలగే చేసీది” అంటుంది. అవ్వకు పట్టిక తెలీదు, పట్టిక రాసినవాళ్లకి మా అవ్వ తెలీదు. అయినా ఇద్దరి మాటా కలిసింది. అందుకని ఇంట్లో పెద్దవాళ్ల మాట తీసి పారేయకూడదు. అది కూడా రాసుకుని, పుస్తకంతో కలుస్తుందా లేదా అని చూడాలి.

4. రెండు పుస్తకాల్లో రెండు అంకెలుంటే?

రెండో శనివారం నాకో అనుమానం వచ్చింది. అదే సంస్థ వేసిన పాత పుస్తకం ‘భారతీయ ఆహారాల పోషక విలువలు’ 1971లో వచ్చింది. దానిలో చోళ్ల కాల్షియం 344 అని ఉంది. కొత్తదానిలో 364. మరి ఏది అబద్ధం?

రెండూ అబద్ధం కాదు. చోళ్లలో రకాలు వేరు, పండిన నేల వేరు, కొలిచే యంత్రాలు వేరు. మన తరగతిలో అందరి ఎత్తు ఒకటి కాదు కదా. ఇలాంటప్పుడు కొత్త పుస్తకం చూసి, దాని సంవత్సరం కూడా పక్కన రాయాలి. 344కీ 364కీ తేడా చిన్నది. మూడింతలకీ పదింతలకీ తేడా చిన్నది కాదు. మొదటిది కొలతలో తేడా, రెండోది తప్పు.

5. పేరుతో మోసపోకండి

మనం చోళ్లు అంటాం. పుస్తకంలో రాగులు. తెలంగాణలో తైదలు. మూడూ ఒకటే గింజ. ఒక పేరుతో దొరకకపోతే ఇంకో పేరుతో వెతకాలి.

దీనికి ఎదురు కూడా ఉంది. ఒకే పేరు, గింజలు వేరు! మన సామలు వేరు. హిందీవాళ్లు ఉపవాసాలకు వండుకునే ‘సామా’ బియ్యం వేరు, అవి మన ఊదలు. మన సామలను వాళ్లు కుట్కీ అంటారు. హిందీ పేజీ చూసి సామల గురించి రాస్తే ఊదల గుణాలు సామలకు అంటగట్టినట్టవుతుంది. దీనికి మందు శాస్త్రీయ నామం. రాగి ఎక్కడున్నా ఎల్యుసినే కొరకానా. సామ పానికమ్ సుమత్రెన్స్. ఊద ఎకినోక్లోవా ఫ్రుమెంటేసియా. జీవశాస్త్రంలో ఈ పేర్లు ఎందుకు బట్టీ పట్టిస్తారా అని విసుక్కునేదాన్ని. ఇప్పుడు అర్థమయ్యింది.

6. ఎక్కడ వెతకాలి?

ఇవి మేము తెరిచి చూసి, మాస్టారుతో సరిచూసుకున్నవి.

తిండి గురించి: హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ. కల్తీ, సరుకు ప్యాకెట్ల మీది రాతల గురించైతే భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ. ఇది 2006 నాటి చట్టం ప్రకారం ఏర్పడింది.

చిరుధాన్యాల గురించి: హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ.

పంటల గురించి: ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. దాని పరిశోధన స్థానం మన ఏజెన్సీలో చింతపల్లిలోనే ఉంది. కొండ ప్రాంతపు పంటలకు వాళ్ల మాట మనకు దగ్గర. కృషి విజ్ఞాన కేంద్రాలు కూడా ఉన్నాయి. వీటిలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో పెట్టారు.

తెలుగులో చదవాలంటే: వికాస్‌పీడియా. కేంద్ర ప్రభుత్వం తరఫున హైదరాబాద్‌లోని సీ-డాక్ సంస్థ తయారుచేసింది.

ఫోన్‌లో అడగాలంటే: కిసాన్ కాల్ సెంటర్, 1800-180-1551. డబ్బులు పడవు. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు తెలుగులోనే మాట్లాడతారు. ఇది 2004లో మొదలైంది. చదువురాని మన అమ్మానాన్నలకు ఇదే పుస్తకం.

ప్రపంచం లెక్కలకు: ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ. 1945 అక్టోబరు 16న పుట్టింది. అందుకే అక్టోబరు 16న ప్రపంచ ఆహార దినోత్సవం చేస్తాం. ఏ దేశంలో ఏ పంట ఎంత పండిందో 1961 నుంచి ఉన్న లెక్కలు దాని దగ్గర దొరుకుతాయి.

తెలుగు వికీపీడియా సంగతేమిటని మా స్నేహితురాలు అడిగింది. దాన్ని ఎవరైనా మార్చవచ్చు. కనుక పైన ఉన్నది చదివి ఊరుకోకుండా, కింద ‘మూలాలు’ అని ఉన్నచోట ఏ పుస్తకం పేరు రాశారో చూసి, ఆ పుస్తకానికి వెళ్లాలి. ఇప్పుడు ఫోన్‌ను ప్రశ్న అడిగితే జవాబు చెప్పే యంత్రాలు కూడా వచ్చాయి. అవి తప్పును కూడా తడబడకుండా చెప్తాయి. అక్కడా అదే పద్ధతి. ఏ పుస్తకంలో ఉందో అడిగి, ఆ పుస్తకం తెరిచి చూడాలి.

చిరునామా చివర కూడా చూడండి. ‘గవ్ డాట్ ఇన్’ అని ముగిస్తే ప్రభుత్వ కార్యాలయం. ‘ఏసీ డాట్ ఇన్’ అంటే విద్యాసంస్థ. ‘ఆర్ఈఎస్ డాట్ ఇన్’ అంటే పరిశోధన సంస్థ. మధ్యలో ‘గవ్’ అని పెట్టి చివర ఇంకేదో ఉంటే నమ్మకూడదు.

7. మా పసుపు మడి

ఇది తిండికే కాదు, పంటకూ వర్తిస్తుంది. దసరా సెలవులకు ఇంటికి వెళ్లేసరికి మా పసుపు మళ్లలో ఆకులు పసుపురంగుకు తిరిగి వాలిపోతున్నాయి. పీకితే దుంప మెత్తగా నీరుకారుతూ వాసన వేస్తోంది. మా అయ్య ఒక వీడియో చూసి, సంతలో అప్పు తెచ్చయినా ఆ సీసా మందు కొనాలని చూస్తున్నాడు. ఆ వీడియో మళ్లీ పెట్టమన్నాను. కింద మందు అమ్మే మనిషి ఫోన్ నెంబరుంది. ఎకరానికి ఎంత, ఏ పంటకు, ఏ తెగులుకు అన్నది ఎక్కడా లేదు.

“అయ్యా, ఒక్కసారి ఈ నెంబరుకి చేద్దాం” అని కిసాన్ కాల్ సెంటర్‌కి చేయించాను. అవతల ఆయన మందు పేరు చెప్పడానికి ముందు ఎన్నో ప్రశ్నలు అడిగారు. ఏ మండలం, పంట వేసి ఎన్నాళ్లయింది, మడిలో నీళ్లు నిలుస్తున్నాయా, పోయినేడు అదే చోట పసుపేనా? ఇది దుంపకుళ్లు అన్నారు. నీళ్లు పోయేలా కాలువలు తీయమన్నారు. కుళ్లిన మొక్కలు దుంపతో సహా తీసేయమన్నారు. ఆ మడి దుంపలు విత్తనానికి ఉంచొద్దని, వచ్చే ఏడు పంట మార్చమని చెప్పారు. మందు, మోతాదు కూడా చెప్పారు. అది నేనిక్కడ రాయను. మీ పంట వేరు కావచ్చు, తెగులు వేరు కావచ్చు. నా రాత చూసి ఎవరూ మందు కొట్టకూడదు.

రెండు మళ్లు పోయాయి, మిగతావి నిలిచాయి. “కాలువ తీసినందుకే నిలిచాయి” అని నేను రాయబోతే మాస్టారు ఆపారు. కాలువ తీశాం, మందు పోశాం, వాన కూడా తగ్గింది. మూడూ ఒకేసారి జరిగినప్పుడు ఒక్కదానికే పేరు పెట్టకూడదన్నారు.

ఇంకొక మాట. పురుగుమందు డబ్బా మీది కాగితం కూడా ఒక ఆధారమే. దాని మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తక్కువ. ఆకుపచ్చ అంటే కూడా విషం కాదని అర్థం కాదు. ఇంటికెళ్లినప్పుడు మీ అయ్యకు చదివి చెప్పండి.

8. ఐదు ప్రశ్నలు

ఏది చదివినా, విన్నా ఈ ఐదూ అడగండి.
ఎవరు చెప్పారు? వాళ్లే కొలిచారా, విని చెప్తున్నారా?
ఎప్పుడు చెప్పారు? సంవత్సరం ఉందా?
ఎక్కడి సంగతి? మన కొండకు, మన నేలకు కుదురుతుందా?
ఎంత? వంద గ్రాములకా, గ్లాసుకా, ఎకరానికా?
చెప్పినందుకు వాళ్లకేమైనా లాభముందా? ఏదైనా అమ్ముతున్నారా?

పోయిన నెల నా వ్యాసాన్ని ఈ ప్రశ్నలతో అడిగితే ఒక్కదానికీ జవాబు లేదు. ఆ వ్యాసాన్ని చింపేద్దామనుకున్నాను. వార్డెన్ మేడమ్ వద్దన్నారు. తప్పు మాటల మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, పక్కనే ఈ వ్యాసం అంటించమన్నారు. ఇకనుంచి మన గోడపత్రికలో ఎవరు అంకె రాసినా, అది ఎక్కడిదో, ఏ సంవత్సరానిదో పక్కనే రాయాలని కూడా చెప్పారు. జబ్బు, మందు గురించి రాస్తే ముందు నర్సమ్మకి చూపించాలి.

చోడి జావ మానకండి, అది మంచి తిండి. నర్సమ్మ ఇచ్చిన మాత్ర కూడా మానకండి. దొడ్డికి నల్లగా రావడం ఇనుము వల్లేనని, భయపడొద్దని నర్సమ్మ చెప్పింది. తిప్పితే దాచుకోకుండా తనకు చెప్పమంది. మా చెల్లికి అన్నం తిన్నాక వేసుకోమని చెప్పింది. ఇప్పుడు రోజూ రాత్రి అన్నమయ్యాక ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, నా ఎదురుగానే మాత్ర మింగి, నాలుక చాపి చూపించి పోతోంది. వచ్చే నెల నర్సమ్మ మళ్లీ రక్తం చూస్తుంది.

ఈ వ్యాసంలో తప్పు కనిపిస్తే కింద ఖాళీలో పెన్సిల్‌తో రాయండి. ఎక్కడ చూశారో కూడా రాయండి.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి విద్యార్థిని